కోడ్ విప్పని సీసా

జనవరి. టార్టూలో పొద్దు
తొమ్మిదైతే గాని కళ్ళు తెరవదు,
నాలుగింటికల్లా దుకాణం కట్టేస్తుంది.
ఈ మధ్యలో నా పని
ఎలుకల మెదడు ముక్కల్లో
మైక్రోగ్లియా కణాలను లెక్కపెట్టడం.

స్లైడుకి పేరుండదు, అంకె ఉంటుంది.
నాలుగు వందల పన్నెండు. నాలుగు వందల పదమూడు.
ఏ ఎలుక మందు తాగిందో, ఏది ఉత్త నీళ్ళు తాగిందో
ఆ జాబితా మార్గస్ బీరువాలో, తాళం వెనక.
తెలిస్తే నా కన్ను పక్షపాతం చూపిస్తుందట.
చూపిస్తుంది. నా కన్ను నాకు తెలుసు.

నెమ్మదిగా ఉన్నప్పుడు ఈ కణాలు
ఆకు రాల్చిన బర్చ్ చెట్లలా
సన్నని కొమ్మలు చాచి
చీకట్లో తడుముకుంటూ కావలి కాస్తాయి.
ఎక్కడో ఏదో రాజుకుందంటే
కొమ్మలు ముడుచుకుని ఉబ్బుతాయి.
ఆ వాపుని చూసి బలుపనుకున్నాను, పనిలో చేరిన కొత్తలో.
తీరా చూస్తే
కంచే చేను మేస్తోంది,
నరం మీది తొడుగు ఒలుచుకుని మరీ.

ఎలుకలకిచ్చే ఆ మందు నాకు కొత్త కాదు.
పదకొండేళ్ళుగా, కాఫీ కంటే ముందు,
అదే మాత్ర, అరగ్లాసు నీళ్ళతో.
ఎందుకంటే ఏం చెప్పను?
ఒక ఏప్రిల్లో నది కరిగింది,
నేను కరగలేదు. అంతే.

అక్క విర్వెకి దిగుళ్ళు లేవు.
"నా మనసుకేం, రాయిలా ఉంది. కాలే లేవదు"
అంటుంది కర్రని గోడకి ఆనించి,
నల్ల రొట్టె మీద వెన్న రాస్తూ.
స్కానులో ఆమె మెదడు నిండా తెల్ల చుక్కలు,
కిటికీ అద్దం మీద తొలి మంచు పడ్డట్టు.

శరత్కాలంలో ఆమెకీ ఒక సీసా ఇచ్చారు,
ఆసుపత్రిలో అధ్యయనం చేసేవాళ్ళు.
సీసా మీద అంకె. లోపల
నా మందైనా అయ్యుండచ్చు, సుద్దపొడైనా అయ్యుండచ్చు.
ఒకే బల్ల దగ్గర మింగుతాం ఇద్దరం,
నేను తెలిసి, తను తెలియక.

"నీ ఏడుపు మందు నా కాలికి పనిచేస్తుందంటావా, లేలో?"
"కొన్ని ఎలుకల్లో వాపు తగ్గినట్టుంది" అన్నాను.
"నాకు తోక లేదుగా" అంది,
రొట్టె రెండో ముక్క తీసుకుని.

రాత్రిళ్ళు నాకు వేరే లెక్క పడుతుంది.
దిగులు దించుకుంటున్నాననుకుంటూ
ఇన్నేళ్ళూ లోపల ఇంకేదో
కాపాడుకుంటూ వచ్చానా, నాకే తెలియకుండా?
ఏమో.
ఈ మాత్ర వేసుకోని లేలో ఎక్కడైనా ఉంటే
పట్టుకొచ్చి పక్క స్లైడు మీద పరిచేదాన్ని.
లేదు. నాకు జోడీ లేదు.
తాళం వేసిన బీరువా కూడా లేదు నా కోసం.

ఆదివారం.
ఎమాయిగి గడ్డకట్టింది, తల్లి నది అంటాం దాన్ని,
తల్లులాగే అది ఏడాదిలో కొన్నాళ్ళు మాట్లాడదు.
వంతెన మీద అక్క ముందు, నేను వెనక.
లెక్కపెట్టే జబ్బు సెలవు రోజు కూడా వదలదు.
ఆగకుండా ఎన్ని అడుగులని
పోయిన నెల చూశాను, నలభై.
ఇవాళ నలభై రెండు. నలభై మూడు.
ఎండ కాస్త వచ్చినందుకు కావచ్చు,
కొత్త బూట్ల వల్ల కావచ్చు,
నేను చూడాలనుకున్నందుకే కావచ్చు.

"ఏమిటా గొణుగుడు?" అంది వెనక్కి తిరక్కుండా.
ఏం లేదన్నాను.

నలభై నాలుగు.