పావంటే పరక

బండి అమ్ముతూ జోజిబాబు గారు
తాళాలతో పాటు ఒక లాంగు నోటుబుక్కు చేతిలో పెట్టారు.
"ఇది లేకపోతే ఆ ముల్లు నిన్ను ముంచుద్ది" అన్నారు.

సత్యనారాయణపురంలో రైల్వే వాళ్ల పాత వీధి.
ముప్పై నాలుగేళ్లు కరెంటింజను నడిపిన మనిషి.
పైన తీగ ఉన్నంత దూరం దాహం తెలీని ఇంజను అది.
రిటైరయ్యాక ఈ టూరింగ్ బండి కొన్నారు.
అప్పుడు తెలిసిందట,
అయిపోవడం అనేది ఒకటుంటుందని.

అందుకే ప్రతి చుక్కా రాసుకున్నారు.
తేదీ, లీటర్లు, కిలోమీటర్లు, భాగిస్తే వచ్చింది,
చివర సన్నటి గడిలో గమనిక:
"ఒంగోలు దాకా ఎదురుగాలి. ఇరవై ఎనిమిది."
"లంబసింగి. పొగమంచు. అంతా రెండో గేరే. ఇరవై ఆరు."
"అరవై దాటించలేదు. ముప్పై ఆరు. మళ్లీ లెక్కేశా."
"వెనక మేరీ ఉంది. ముప్పై మూడు.
బరువుకి తగ్గాలి. తగ్గలేదు."

ఆఖరి వరుస సగమే ఉంది.
ట్యాంకు నిండా, 38,416 దగ్గర.
మోకాలు అడ్డం తిరిగింది. బండి నాకొచ్చింది,
లోపల మిగిలిన ఆయన పెట్రోలుతో సహా.

ముల్లు సంగతి చెప్పాలి.
నింపగానే ఎఫ్ దాటి వాలుతుంది,
వంద కిలోమీటర్లు కునుకు తీస్తుంది.
సగం దాకా పెళ్లినడక.
అక్కణ్ణుంచి బందరు రోడ్డులో
ఆఖరి బస్సు కోసం పరుగు.

ఆటోనగర్లో మస్తాన్‌వలి ట్యాంకు విప్పి
ఫ్లోటు కడ్డీ అటొకసారి ఇటొకసారి వంచాడు.
"పైన వెడల్పు, కింద సన్నం, మధ్యలో మూపురం.
ముల్లు ఎత్తు చెప్పుద్ది మేడం,
ఎంతుందో దానికేం తెలుసు" అని
మళ్లీ అలాగే బిగించి రెండొందలు తీసుకున్నాడు.

మే నెల, పన్నెండున్నర. గుంటూరు వెళ్తున్నాను.
కనకదుర్గమ్మ వారధి మధ్యలో
బండి రెండుసార్లు దగ్గి ఆగింది.
ముల్లు పావు మీద నిలబడి ఉంది,
ఏమీ ఎరగనట్టు.
కింద ఇసుక తిన్నెల మధ్య పాయలైపోయి కృష్ణ.
లారీ పోయినప్పుడల్లా వారధి అదురుతోంది, నేనూ.

ఫోన్ చేశాను.
"పావు చూపిస్తందా?" నవ్వారు.
"నాలుగో పేజీ చదవలేదన్నమాట.
పావంటే పరకనుకో. పరకంటే దిగి నడువు.
సర్లే, బండిని ఎడం పక్కకి పడుకోబెట్టు."
"రోడ్డు మీదా?"
"రోడ్డు మీదే. మూపురానికి కుడివైపు
అర లీటరు దాక్కునుంటది. ఇటు దొర్లనీ."

రెండొందల కేజీల బండి.
మిరప టిక్కీల లారీ ఒకటి పక్కకాగింది.
డ్రైవరూ క్లీనరూ దిగొచ్చి చెరో పక్క పట్టారు.
ముగ్గురం తుమ్ముతూనే వంచాం.
ట్యాంకులో ఏదో కదిలి, గోడ దూకి, ఇటు పడింది.
"మా దానికి ముల్లు చచ్చి ఆరేళ్లు" అన్నాడు డ్రైవరు,
"పుల్ల పెట్టి చూసుకుంటాం.
పుల్ల అబద్ధమాడదు. తడిస్తే ఉన్నట్టు."

తాడేపల్లి బంకు దాకా వచ్చాం,
నేనూ ఆ అర లీటరూ.
"జీరో చూసుకోండి" అన్నాడు కుర్రాడు.
పదమూడు పాయింట్ ఆరు పట్టింది.
మీటరు 38,838.
గాలి మిషను పక్క నీడలో కూర్చుని భాగించాను:
నాలుగొందల ఇరవై రెండు. ముప్పై ఒకటి.

ఇందులో నూట డెబ్బై నాలుగు ఆయన నడిపినవి.
మిగతావి నావి.
ఎవరి చేతిలో ఎంత తాగిందో
చెప్పే ముల్లు ఏ బండికీ లేదు.
ఫోన్లో అదే అంటే,
"నా చేతిలో ముప్పై మూడుకి తగ్గదు,
నువ్వే తాగించుంటావు" అన్నారు,
గార్డుతో టైము కోసం తగువాడే గొంతుతో.

గమనిక గడిలో, ఆయన ముత్యాల కింద
నా కోడిగీతలు:
"వారధి మీద పడుకుంది. లేచింది."

అప్పుడు తీశాను నాలుగో పేజీ.