నోట్లో పట్టేంత

ఎడంచేత్తో తెచ్చాడు తవిటిరాజు,
పాలపాకెట్టు కవరులో, మూతికి రబ్బరుబ్యాండు.
బయట రెండ్రోజుల్నించీ వాన,
గుజరాతీపేట సందులో మోకాటిలోతు నీళ్ళు.
"అప్పా, ఇదేటి సేప?
నీ తొట్లో ఉంచుతావేటి?"

చిటికెనవేలంత కూడా లేదు.
నిప్పులోంచి అప్పుడే తీసిన సూదిలా ఎరుపు,
పక్కన ఒక నల్లచార
ఎవరో బడికి పోతూ పెన్నుతో గీసినట్టు.

పదకొండేళ్ళుగా చేపలమ్ముతున్నాను,
కూరకి కాదు, చూడ్డానికి.
గప్పీలు, మోలీలు, గాజునంటుకు నాకే సక్కరు,
విశాఖ నుంచి రైల్లో ఊపిరి బిగబట్టుకొచ్చే ఏంజెల్లు.
వాటి వాటి కోపాలూ కక్కుర్తులూ నాకు తెలుసు.
ఇది తెలీదు.

తెలీని చేపని ముందుగా పేరడక్కూడదు.
మూతి చూడాలి.
పైకి తిరిగుంటే నీటిమీద తేలేది తింటుంది,
కిందికుంటే అడుగున ఏరుకుంటుంది,
నేరుగా ఎదటికి తెరుచుకుంటే
ఎదటున్నదే మేత.
తర్వాత తోక. చీలిన తోక పరుగుకి,
గుండ్రటి తోక మాటు వేయడానికి.
ఆ తర్వాత
ఎవరూ లేనప్పుడు ఏం చేస్తుందో.
మనుషులక్కూడా ఇదే వరసనిపిస్తుంది గానీ
వ్యాపారం కదా, పైకి అనను.

ఉసిరికాయ పచ్చడి సీసా మూడుసార్లు కడిగి
అందులో వేసి, పెద్ద తొట్టి పక్కన పెట్టాను.
రెండు గాజుల మధ్య వేలెడు గాలి.
ఇటు ఒకటి, అటు ముప్పై.
గప్పీలు కొత్తపెళ్ళికూతుర్ని చూడ్డానికొచ్చినట్టు మూగాయి.
ఇది కదల్లేదు.
వాటి తోకల రంగులు చూడలేదు,
తలలు కొలుస్తోంది.

సైకిలుషాపు మార్కండేయులు "జపానుది" అన్నాడు.
బ్యాంకు మేనేజరు గారి భార్య ఫోటో తీసి ఫోన్ని అడిగింది.
ఫోను నాలుగు పేర్లు చెప్పింది,
నాలుగూ సముద్రాలవతలివే.
"ఎరుపు కలిసొస్తుందంటారు, ఎంతకిస్తావు?"
పేరు లేనిదానికి ధరేం చెప్పను.
మధ్యమధ్య అది పైకొచ్చి
గుటుక్కున ఇంత గాలి మింగి దిగిపోతోంది.
అది చూసి కూడా నాకు తట్టలేదు.

దీపాలు పెట్టే వేళకి వచ్చింది సూరాడ గవరమ్మ,
తట్ట ఖాళీ, అంచునుంచి ఐసునీళ్ళు కారుతూ.
నా తొట్లు చూసినప్పుడల్లా నవ్వుతుంది,
"ఇన్నీ కలిపి ఒక పులుసుకి రావే" అని.
ఇవాళ నవ్వలేదు.
సీసా ఎత్తి లైటుకేసి పట్టింది.
"ఓలమ్మ, కొర్రమట్ట పిల్ల గాదేటే!
సిన్నప్పుడిలగే ఎర్రగుంటాది.
నెల్దాటితే నల్లబడిపోతాది, మూరెడవుతాది.
నీ బొమ్మలన్నీ మింగీసి
మరేటున్నాదని నీకేసి సూత్తాది."

ఇంతసేపూ నేను జపాన్లో వెతుకుతున్నది
ఆమదాలవలస రోడ్డు పక్క మడిలోది.

గవరమ్మ సీసా దించలేదు.
"ఒక్కటీ ఉండదిది. కుంకం ఒలికినట్టు గుంపుగా తిరుగుతాయి.
కింద అమ్మా అయ్యా కాపలా.
సెయ్యెట్టినోడి యేలు ఒగ్గవు."
తవిటిరాజు కుడిచెయ్యి మెల్లిగా
వీపు వెనక్కి పోయింది.
అప్పుడు కనిపించింది గుడ్డపీలిక.

నా నోటుబుక్కులో ఒక్కో చేపకి ఒక్కో పేజీ.
దేనితో కలుస్తుంది, దేనితో కలవదు.
కొర్రమట్ట అని రాసి
'కలిసేవి' దగ్గర గీత కొట్టబోయి ఆగాను.
నోట్లో పట్టేదేదీ దానికి స్నేహితం కాదు, నిజమే.
అయితే వందమంది తోబుట్టువులు,
వేలు కొరికే ఇద్దరు పెద్దవాళ్ళు, బురదనీళ్ళు.
ఆ తొట్టి నా దగ్గర లేదు.

"ఏ మడో రేపు చూపిస్తావా?"
"ఇప్పుడన్నీ ఒకటే మడి అప్పా," అన్నాడు వాడు,
"గట్లు ములిగిపోనాయి."

"మూతెట్టుకో, గెంతుతాది" అని
గవరమ్మ తట్ట బోర్లించి నెత్తిన పెట్టుకు వానలోకి పోయింది.
మేకు తీసుకుని
పచ్చడిసీసా మూతకి మూడు కంతలు పొడిచాను.