పదివేళ్లు

ప్రయాణ కారణం అన్న గడిలో
ఏం రాయమంటావ్ ఏసోబూ, అన్నాను.
ఒంగోలు, కర్నూలు రోడ్డులో నా కొట్టు.
ఫ్యాన్ గాలికి లేచే ఫారాల మీద
స్టాప్లర్ బరువు పెట్టి.

"చీమకుర్తిలో నేను పాలిష్ పట్టిన గెలాక్సీ రాళ్లు
ఇటలీలో ఎవురింటి నేలైనయ్యో
చూసొస్తా సార్.
ఒక్కసారికి తెవిలేది గాదు,
ఐదేళ్లది అడుగు."

టూరిజం, అని రాశాను.

చెన్నైలో మిషన్ అతని వేళ్లను నమ్మలేదు.
ముప్పయ్యేళ్ల చాకిరి
రాయికి మెరుపిచ్చి
వేలిముద్రలు జమ కట్టుకుంది.
తుడుచుకోమన్నారు, నొక్కమన్నారు,
నూనె రాసుకుని రేపు రమ్మన్నారు.
మర్నాడు నాలుగోసారికి
ఎడమ చిటికెనవేలు ముందుగా ఒప్పుకుంది,
తక్కినవి సణుగుతూ వెనకాలే.

వీసా వచ్చింది.
పలక అంచు చూసినట్టు
స్టిక్కర్ మీద బొటనవేలు నడిపించాడు.

ఎన్నిసార్లయినా పోవచ్చు,
తొంభై రోజులు మించితే మాత్రం ఉండకూడదు, అన్నాను.

"ఉండేదానికి రాళ్లు పోయినయ్ గదా సార్,
నేనెందుకు."

మెట్లు సగం దిగి
మళ్లీ పైకొచ్చాడు:
"పాలిష్ గుడ్డ ఒకటి
సామాన్లో పోనిస్తారా?
వాళ్లు సరిగ్గా తుడస్తన్నారో లేదో."