మూడున్నర కిలోలు

మారిటెస్ కాంట్రాక్టు అయిపోయింది.
ఆదివారం రాత్రి మనీలాకి ఫ్లైటు.
కుక్క ఎక్కడం లేదు.
పేరు పూతో. పూతో అంటే వాళ్ల ఇడ్లీ అట.
చూస్తే నిజమే, ఆవిరి మీద అప్పుడే దించినట్టు
తెల్లగా, మెత్తగా, రెండు మిరియాలు గుచ్చినట్టు కళ్లు.
"మూడు రోజులు ఉంచుకుని చూడండి" అని
మేత డబ్బా, నీలం తాడు ఇచ్చి వెళ్లింది.
దువ్వెన ఇవ్వలేదు.
మర్చిపోయిందనుకున్నాం.

గుదైబియాలో మాది నాలుగో అంతస్తు.
రెండు గదులు, బాల్కనీ,
బాల్కనీలో ఎండకి వంకరపోయిన కుర్చీ.
మాల్టీస్ జాతికి ఇల్లు ఎంతున్నా చాలట,
మనుషులు మాత్రం చాలినంత ఉండాలట.
ఆ ముక్క నాకొకరు చెప్పక్కర్లేదు.
నేను ఏసీలు బాగుచేసేవాణ్ని.
జూలైలో వాచ్‌మన్ తాళం తీసిస్తే
యజమానులు లేని ఇళ్లలోకి వెళ్తాను.
ఇరవై నాలుగు డిగ్రీల చల్లదనంలో
ఎవరూ చూడని టీవీ ముందు
ఒడి కోసం పుట్టిన కుక్కలు
నా టూల్ బ్యాగు ఎక్కి కూర్చుంటాయి.
గ్యాస్ నింపడం అరగంట పని.
గంటన్నర చేసిన రోజులున్నాయి.

అందుకే ముందు నేనే వద్దన్నాను.
స్వరూపా వద్దంది, వేరే లెక్కతో:
"మన వీసా రెండేళ్లు.
దానికింకా పద్నాలుగేళ్లు.
దాని ముసలితనం చూడాలంటే ఏడు ముద్రలు పడాలి.
రెండోది పడుతుందని నీకెవరు చెప్పారు?"
నర్సు. ఆయుష్షులు కూడేటప్పుడు
గొంతు వణకదు.

తొమ్మిదేళ్ల హవీష్ దగ్గర లెక్కల్లేవు, కాగితం ఉంది:
పొద్దున నేను. సాయంత్రం నేను.
ఉచ్చ తుడవడం కూడా నేనే.
కింద సంతకం,
ఇంటిపేరుతో సహా.

శుక్రవారం తెల్లారి ఐదింటికి కిందికి దింపాం.
మే నెల, అప్పటికే రోడ్డు వెచ్చన.
ఈ అరచేతికి కాయలున్నాయి, ఆ పాదాలకి లేవు.
పైకొచ్చేటప్పుడు లిఫ్టులో మూడో అంతస్తు జాసిం గారు,
నమాజు చేసుకుని వస్తున్నారు.
తెల్లని తోబు అంచు దగ్గరికి తీసుకుని
ఇబ్బందిగా నవ్వారు.
నేను పూతోని ఎత్తుకుని గోడకి అతుక్కుపోయాను.
ఆయన తప్పు లేదు, కుక్క తప్పూ లేదు,
లిఫ్టు చిన్నది.
"రేపట్నుంచి మెట్లెక్కుదాంరా" అన్నాను హవీష్‌తో.
తలుపు తీస్తుంటే గుర్తొచ్చింది,
రేపట్నుంచి అన్నానని.

శనివారం మధ్యాహ్నం, మరిచిపోయిన మీటరు కోసం
ఇంటికొచ్చాను. వాడు ఈతకి వెళ్లాడు.
నైట్ డ్యూటీ దిగిన మనిషి పగటి నిద్ర
పెళ్లయిన ఇన్నేళ్లలో నేను చూసింది తక్కువ.
ఆమె వచ్చేసరికి నేనుండను.
నేను వచ్చేసరికి ఆమె బస్సు కింద హారన్ కొడుతుంటుంది.
మా ముగ్గురి టిఫిన్ డబ్బాలే
సింకులో కలుసుకుంటాయి.
ఖాళీ కొంప, కుక్కనెవరు చూస్తారు అని
నిన్నటిదాకా వాదించింది నేనే.
మోకాళ్ల మడతలో తెల్లటి ముద్ద.
ఆమె ఊపిరి తీస్తే లేస్తోంది,
వదిలితే దిగుతోంది.
"లేపకు" అంది స్వరూప, కళ్లు తెరవకుండా.
ఎవర్నో చెప్పలేదు.

వీసా లెక్క అలాగే ఉంది.
సెలవుకి జగిత్యాల వెళ్తే ఎవరు చూస్తారో,
మమ్మల్ని పంపించేస్తే దాని కాగితాలకెంతో, తెలీదు.
కరెంటు బిల్లు ఊసెత్తలేదు,
ఏసీ మెకానిక్‌ని, సిగ్గు.

ఆదివారం సాయంత్రం మారిటెస్ మెసేజి.
ఉంచుకుంటారా అని అడగలేదు.
తిన్నాడా, అని మాత్రం.
హవీష్ నాలుక కొస బయటపెట్టి
పూతో చెవి వెనక చిక్కుపడ్డ వెంట్రుకల్ని
వేళ్లతో ఒక్కొక్కటే విడదీస్తున్నాడు.
తిన్నాడు, అని రాశాను.
స్వరూప యూనిఫాం వేసుకుంటూ
ఫోనులోకి తొంగి చూసింది, ఏమీ అనలేదు.
కాసేపటికి ఇంకోటి రాశాను:
వెళ్లే ముందు దువ్వెన ఇచ్చి వెళ్లు.