జానెడెత్తున

సోహార్‌ల పొద్దు పొడువకముందే చెమట పోస్తది.
ఐదుంబావుకు గేటు కాడ
అరవై హెల్మెట్లు వరుసలు గట్టి నిలబడ్తయి,
వాటి ముందట నేను.

సేఫ్టీ ఆఫీసరు సెలవు మీద పోవుకుంట
నా చేతిల కాయితం పెట్టిండు:
"ఎల్లేశం, రోజు ఐదు నిముషాలు. చదివితే సాలు."
పదకొండేండ్ల సంది పరంజా కడ్తున్న.
నలభై మీటర్ల మీద గాలితోని కొట్లాడినోన్ని.
ఆ పొద్దు కింద, నేల మీద,
మోకాళ్ళు నావి గావనిపించినయి.

చదివిన.
చదివిన అంటే, ఉరికిన.
హిందీల మొదలువెట్టి తెలుగుల జారి
ఇంగ్లీషుల మునిగిన.
చెమటకు కాయితం మెత్తవడి
మూడో పాయింటు ఐదో పాయింటుకు అతుక్కున్నది.
ఎన్క వరుసల ఒకడు ఆవులించిండు.
బాన్సువాడ శివరాజైతే నా గొంతు వణుకును
అచ్చం దించిండు, మేక లెక్క.
ఆ నవ్వులు బస్సు దాకా నా ఎన్కనే వచ్చినయి.

మాపటికి మెస్సుల ముద్ద దిగలే.
క్రేన్ నడిపే గుల్ జమాన్,
పెషావర్ దిక్కు మనిషి, వారానికి నాలుగు మాటలు,
నా ముందట కూసొని రొట్టె తెంపుకుంట అన్నడు:
"బరువును ముందు జానెడే లేపుత.
లేపి ఆగుత.
తాడు ఏమంటదో ఇంట.
అది ఒప్పుకున్నంకనే పైకి."
గంతే. చాయ్ తాగి పాయె.

క్యాంపు డాబా మీద
ఉతికి ఆరేసిన కవరాల్స్ ఉంటయి,
నీలివి, నారింజవి, చేతులు కిందికి ఏలాడేసుకొని,
లోపల మనుషులు లేని మనుషులు.
రాత్రి పూట వాటి ముందట నిలబడ్డ.
మొదలు పాదాలు చూస్కున్న.
పరంజా కాలు కింద పలక సమంగ లేకుంటె
పైన ఎంత బిగిస్తే ఏం ఫాయిద?
మడిమెలు ఆనించిన. భుజాలు దించిన.
ఆగిన.

ఆ ఆగుడే కష్టం.
మూడు లెక్కవెట్టేసరికి పారిపోవాలనిపిస్తది,
నాలుగు కాడ సిగ్గు.
ఐదు దాటినంక
సముద్రం దిక్కుకెల్లి గాలచ్చి
కవరాల్స్ అన్నీ ఒక్కపారి నా దిక్కు మళ్ళినయి.
"నా పేరు ఎల్లేశం" అని చెప్పిన, వాటికి.

ఎన్నో రాత్రో యాది లేదు,
బట్టలు తీస్కపోను వచ్చిన బంగ్లా పోరడు మోతీ
మెట్ల మీదనే కూసొని మొత్తం ఇన్నడట.
తెల్లారి బ్రష్ నోట్లె వెట్టుకొని అన్నడు:
"ఉస్తాద్, ఆ హుక్కు ముచ్చట మల్లోపారి చెప్పు."

చెప్పకముందే, బుధవారం,
దిల్ బహదూర్ జారిండు.
పానం పోలే. తొడ ఇరిగింది.
హుక్కు నడుముకే ఉన్నది, పైపుకు లేదు.

తెల్లారి గేటు కాడ రెండో వరుసల ఒక సందు.
జరిగి నిలబడుమని ఎవ్వలూ అనలే,
ఎవ్వలూ జరగలే.
కాయితం మడిచి జేబుల వెట్టిన.
జానెడు లేపి ఆగిన.
ఇంజనీరు గడియారం చూసిండు.
నేను ఆ సందును చూసిన.

"నా పేరు ఎల్లేశం.
నిన్న నేను కింద ఉన్న. దిల్ పైన ఉన్నడు."
నాకచ్చిన పలిగిన హిందీలనే.
"మీ హుక్కు చేతిలకు తీసుకోన్రి.
తెరువున్రి. మూయున్రి.
సప్పుడు ఇనున్రి."
గొంతు వణికింది.
వణకనిచ్చిన.
తాడు గూడ వణుకుతది, బరువు నిజమైతె.

ముందుగాల ఒకటి: టక్.
మూడో వరుసల ఇంకోటి.
అటెన్క రేకుల మీద వాన మొదలైనట్టు
అన్ని దిక్కుల.
చప్పట్లు గావు అవి.
చప్పట్లు ఇంట్ల కూసొని గూడ కొట్టొచ్చు.

బస్సుల శివరాజు నా పక్క సీట్ల కూసున్నడు.
ఏం మాట్లాడలే.
జేబులకెల్లి ఖర్జూరపండు తీసి, నూనె చేతులతోనే,
సగం నాకిచ్చిండు.

గుల్ జమాన్ క్యాబిన్ ఎక్కి
నా దిక్కు సూడను గూడ సూడలే.
ఇంజన్ చాలు చెయ్యవోయి
ఒక్క నిముషం ఆగిండు.