జీడితొక్కు నూనె

కాశీబుగ్గ కోతమిల్లులో దుర్యోధన
చెక్కని చూడడు, వేలితో కొట్టి వింటాడు.
"మామిడి సవకే గానీ
రెండో వానకి పురుగు జల్లెడ చేసీస్తాది.
నీలగిరి వొద్దమ్మా,
ఎండితే మా బావమరిది మాటలాగ మెలి తిరిగిపోతాది."
ఊరికే టేకు ధర అడిగాను.
అతను నవ్వలేదు. అదే మర్యాద.

నా దగ్గరున్నవి పదకొండు వందలు,
తొమ్మిది పెట్టలు, ఒక పుంజు,
పోయిన నెల ముంగిస వదిలిపెట్టిన
గుప్పెడు ఈకలు.

సరుగుడు కర్రలు ఆరు తీసుకున్నాను,
తిన్నగా లేనివి, అందుకే నాకు అందినవి.
ఆటో మీద కట్టి తెస్తుంటే
మందస రోడ్డు పొడుగునా తలలూపుతూ వచ్చాయి.

మిగతా కలప తుఫాను ఇచ్చింది.
కార్తీకంలో పడిపోయిన కొబ్బరిమాను
పైన రెండంగుళాలు ఇనుము, లోపలంతా పిప్పి.
నిలువునా చీల్పించి
పిప్పిని పొయ్యికిచ్చి
ఇనుముని గోడలకి దాచుకున్నాను.

పాతే చివర్లని నిప్పుల్లో తిప్పమంది కూర్మమ్మత్త.
"నల్లబడాల, బొగ్గవ్వకూడదు.
సెదపురుగు మాడిన కూడు తినదే."
తానే కూర్చుని ఆరూ తిప్పింది,
వంకాయలు కాల్చినంత ఓపిగ్గా.

నేల మోకాలెత్తున వెదురుబద్దలు.
తలుపు సముద్రానికి వీపు పెట్టింది.
మేకులు ఉప్పుగాలికి నెల్లాళ్ళలో ఎర్రబడతాయని
మూలలన్నీ పీచుతాడుతో బిగించాను.
చూరు కింద నాలుగు వేళ్ళ సందు,
గాలాడకపోతే కోడి గురక పెడుతుంది.

ఇంక నూనె.
జీడితొక్కులు పిండితే వచ్చేది,
బారువ రేవులో పడవలకి పూసేది,
డబ్బాతో ఐదు లీటర్లు, పలాస ఫ్యాక్టరీ వెనక గేటులో.

పద్నాలుగేళ్ళు అక్కడే జీడిపిక్కలు కొట్టాను.
ఈ నూనె నాకు కొత్త కాదు.
నా బొటనవేలి గీతలు తినేసింది ఇదే.
రేషన్ మెషిన్ మీద వేలు పెడితే
ఎర్రలైటు.
చీరకి తుడిచి పెడితే
ఎర్రలైటు.
డీలరు కుర్రాడు తలెత్తకుండా అంటాడు,
"వేలు మార్చు."
పదీ మార్చాను.

చేతులకి ఆముదం పట్టించుకుని
కర్రకి పాతగుడ్డ చుట్టి
ఇవాళ దాన్ని చెక్కకి తాపుతున్నాను.
నన్ను తిన్నావు కదా,
ఇక చెదల్ని తిను.

ఒక పూత, రెండు రోజుల ఎండ, మళ్ళీ పూత.
కోసిన చివర్లకి మాత్రం నాలుగుసార్లు.
చెట్టు నీళ్ళు తాగింది ఆ దారినే,
చచ్చినా అలవాటు మానదు.

కప్పుకి ఎలక్షన్ ఫ్లెక్సీ దొరికింది.
బొమ్మ లోపలికి తిప్పి వేశాను,
పైన తాటాకులు పరిచాను.
దండం పెడుతున్న ఆ పెద్దమనిషి
ఇప్పుడు కోళ్ళని ఓట్లడుగుతున్నాడు.

మొత్తం వెయ్యీ డెబ్బై అయింది.
మిగిలిన ముప్పైతో బెల్లం కొన్నాను,
ఎందుకో తెలీదు.

తొలివాన రాత్రిపూట దిగింది.
పడుకున్నదాన్ని లేచి, గోనె నెత్తిన వేసుకుని
టార్చిలైటు పట్టుకుని వెళ్ళాను.
తలుపు తీసి చెయ్యి పెట్టి తడిమాను,
గోడ, మూల, బద్దల సందు.
గీతలు లేని వేలికి
తడి మాత్రం బాగా తెలుస్తుంది.
ఎక్కడా లేదు.

లైటు పైకి తిప్పాను.
తాటాకుల మీద వరసగా
తొమ్మిది పెట్టలూ, పుంజూ,
ముద్దయి, ముడుచుకుని,
ఆ వాసన చచ్చేదాకా దిగేది లేదన్నట్టు
నా వైపు ఒంటికన్నుతో చూస్తున్నాయి.

కిటికీలోంచి కూర్మమ్మత్త కేకేసింది,
"వాన లోపలికి రానేదు గదా?"

"రాలేదత్తా" అన్నాను,
"కోళ్ళూ రాలేదు."