చేబదులు

నవంబరు. డార్విన్‌లో వాన ఇంకా దిగలేదు.
ఆస్పత్రి కార్ పార్కు నిండా
గబ్బిలాలు సగం కొరికి పారేసిన మామిడికాయలు.
ఏడుంపావుకి మొదటి కేసు:
స్టామాటిస్, డెబ్బై రెండేళ్ళు, పిత్తాశయంలో రాళ్ళు.
కుర్రతనంలో కలిమ్నోస్ దీవి దగ్గర
స్పాంజీల కోసం సముద్రంలో మునిగేవాడట.
"రెండున్నర నిమిషాలు బిగబట్టేవాణ్ణి, డాక్టర్.
నీ వల్ల అవుతుందా?"
కాదన్నాను.

మావాళ్ళు నన్ను మత్తు డాక్టరంటారు,
కల్లు కాంపౌండు నడుపుతున్నట్టు.
నాలుగు పేజీల సంతకాలున్నా
నాది ఉత్త చేబదులు బేరం.
మనిషి ఊపిరిని కాసేపు అడిగి పుచ్చుకోవడం,
పొద్దు వాలకముందే
చిల్లర తగ్గకుండా తిరిగిచ్చేయడం.

పాలలాంటి మందు సన్నటి గొట్టంలో దిగింది.
ఏదో చేప పేరు చెబుతూ సగంలో ఆగాడు.
కనురెప్ప వెంట్రుకల్ని వేలితో తాకాను,
అర్ధరాత్రి పక్కింటి తలుపు తట్టినట్టు.
ఎవరూ పలకలేదు.

నాకు సంగీతం రాదు,
వేలికి తగిలించిన క్లిప్పు పలికే ఈ ఒక్క స్వరం తప్ప.
రక్తంలో ప్రాణవాయువు తగ్గితే
అది మెట్టు మెట్టుగా కిందికి జారుతుంది.
ఇంట్లో మైక్రోవేవ్ కూసినా
నా భుజాలు బిగుసుకుంటాయి.

పక్కన డొమింగాస్.
దిలీ నుంచి ఆరు వారాలకి వచ్చింది,
నేనే పిలిపించాను, నేర్పిద్దామని.
ఎనిమిదేళ్ళుగా ఏటా రెండు వారాలు నేనక్కడికి వెళ్తున్నాను,
అదీ నేర్పిద్దామనే.
ఓ రాత్రి కాన్పు ఆపరేషన్ మధ్యలో కరెంటు పోయింది.
జనరేటర్‌లో డీజిల్ లేదు.
నలభై నిమిషాలు ఆమె గాలి సంచి నొక్కుతూనే ఉంది,
అలసినప్పుడల్లా చెయ్యి మార్చుకుంటూ.
నేను టార్చి పట్టుకున్నాను.
తిరిగొచ్చాక నింపిన నివేదికలో
'శిక్షణ పొందినవారు' అన్న గడిలో ఆమె పేరు రాశాను.
టార్చికి గడి లేదు.

తొమ్మిదికి పది నిమిషాలు తక్కువ.
తెర నల్లబడింది. స్వరం తెగింది.
ఊపిరి యంత్రం మాత్రం ఉస్సు ఉస్సుమంటోంది.
నేను బటన్లు నొక్కుతున్నాను, కేబుళ్ళు లాగుతున్నాను.
నల్లటి అద్దంలో నా టోపీ, నా కళ్ళద్దాలు, నా కంగారు.
డొమింగాస్ అప్పటికే
అతని దవడ అంచున రెండు వేళ్ళు ఆనించి
పెదవి లోపలి రంగు చూస్తోంది.
"డెబ్బై ఆరు," అంది,
సంతలో వంకాయల ధర చెప్పినంత మామూలుగా.
తెర మళ్ళీ వెలిగేసరికి డెబ్బై ఎనిమిది.
రెండు తప్పిందని
ఆమె మొహం చిన్నబోయింది.

నేను గ్లవ్ తీసి
అదే దవడ అంచున వెతికాను.
వెంటనే దొరకలేదు.
తర్వాత, ఎక్కడో లోపల,
చిన్న చేప తోకతో కొట్టినట్టు.

గొట్టం తీశాక దగ్గాడు,
నోరంతా తెరిచి ఒక్క గుక్క పీల్చాడు.
"ఎంతసేపు?"
"రెండు గంటల పది నిమిషాలు."
"అబద్ధం," అన్నాడు, కళ్ళు మూసుకునే.
డొమింగాస్ నవ్వింది.
ఆమె వేళ్ళింకా అతని మణికట్టు మీదే ఉన్నాయి,
లెక్క సరిపోయిందో లేదో చూస్తూ.